జంటగూడు

మిక్సీ జారులో ఏదైనా ఉంటే ఒకలా అరుస్తుంది, ఏమీ లేకపోతే ఇంకోలా అరుస్తుంది. ముప్పై ఏళ్ళు వంటింట్లో మసలినదానికి ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. కొబ్బరి ముక్కలుంటే మొదట కటకటలాడి, తరవాత గొంతు బొంగురుపోయినట్టు తగ్గుతుంది. నానబోసిన పప్పయితే బరువుగా మూలుగుతుంది. ఖాళీ జారు అలా కాదు. సన్నగా, ఒకే శ్రుతిలో, దేనికీ తట్టుకోకుండా ఎంతసేపైనా తిరుగుతుంది. ఆ రోజు సాయంత్రం నాలుగున్నరకి నేను గోరుచిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చున్నాను. గోడ అవతల, పక్కింటి కోడలు భవ్య వాళ్ళ మిక్సీ మొదలైంది. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండు వందలు దాటింది. ఏ పచ్చడీ అంతసేపు తిరగదు.

“పక్కింట్లో చూడు, సాయంత్రమయ్యేసరికి ఏదో ఒకటి రుబ్బుకుని తింటున్నారు. మనింట్లో టిఫినంటే ఉప్మాయే,” అన్నారు మా ఆయన వీధి అరుగు మీంచి, పేపరు తిప్పుతూ. ఆయన వెటకారం అరుగు మీద బయల్దేరి మూడు గుమ్మాలు దాటి సూటిగా వంటింట్లోకి వస్తుంది. మా ఇల్లు కట్టిందే అలాగ.

రామచంద్రపురంలో మా వీధిని మిల్లువరస అంటారు. తొంభై ఏళ్ళ కిందట ఒక బియ్యం మిల్లు ఆసామి తన గుమస్తాల కోసం కట్టించిన ఎనిమిది ఇళ్ళు. ఎనిమిదింటికీ ఒకటే కప్పు, ఒకటే అరుగు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ప్రతి ఇల్లూ సన్నగా, పొడుగ్గా, రైలుపెట్టెలా ఉంటుంది: సావిడి, నడిమిగది, వంటిల్లు, ఆ వెనక దొడ్డి. వీధి గుమ్మంలో నిలబడితే దొడ్లో నుయ్యి కనిపిస్తుంది. గాలీ వెలుతురూ ఆ రెండు చివర్ల నుంచే రావాలి. నడిమిగదికి కిటికీ లేదు. రెండు పక్కలా వేరేవాళ్ళ ఇళ్ళుంటే కిటికీ ఎక్కడ పెడతారు? కప్పులో ఒకే ఒక్క గాజుపెంకు ఉంది. దానిలోంచి మధ్యాహ్నంపూట పలకంత ఎండ నేల మీద పడి, నెమ్మదిగా జరిగి, గోడెక్కి పోతుంది. ఆ ఎండ ముక్కని నేను తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. నడిమిగదిలో నేల మీద పడి ఉన్నప్పుడు చూడ్డానికి అదొక్కటే ఉండేది.

కిందటి నెల రూతు గారని ఒకావిడ మా వరసని కొలవడానికి వచ్చారు. కాకినాడలో ఏదో కాలేజీలో ఇళ్ళ కట్టుబడి గురించి పాఠాలు చెబుతారట. నలభై దాటి ఉంటాయి. బొట్టు లేని మొహం, భుజాన సంచీ, చేతిలో టేపు. ఇలాంటి వరసిళ్ళు డెల్టాలో ఇక లేవని, ఇవి పడిపోకముందే బొమ్మ గీసి ఉంచాలని ఎనిమిదిళ్ళూ తిరిగారు. మా ఇంటికొచ్చేసరికి మా ఆయన, రిటైర్డ్ హెడ్మాస్టర్ జగన్నాథరావు గారు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సిద్ధంగా ఉన్నారు. ఏ గది ఎందుకో, ఏ తలుపు ఏ చెక్కో ఆయనే చెప్పారు. నేను రెండుసార్లు కాఫీ ఇచ్చాను. “మేడమ్, మీరూ చెప్పండి. ఇంట్లో ఎక్కువసేపు ఉండేది మీరే కదా,” అన్నారామె నావైపు తిరిగి. “ఆవిడకేం తెలుస్తుందండీ, పోపుడబ్బా ఎక్కడుందో అడగండి, టక్కున చెబుతుంది,” అని మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వినప్పుడు నవ్వడం కూడా ఇంటిపనే నాకు.

రూతు గారు మాత్రం నవ్వలేదు. అటకెక్కి టార్చి వేసి చూసి దిగి, నాకు తెలియనివి నాకే చెప్పారు. మా దూలాలు ఒక్కొక్క ఇంటివి కావట. గోదాట్లో తెప్పలు కట్టి తెచ్చిన పొడుగాటి టేకు మానులు. ఒక్కో దూలం గోడలోంచి దూరి రెండిళ్ళని మోస్తుందట. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ కప్పుదాకా వెళ్ళదట. అటక మట్టానికి ఆగిపోతుంది, ఆ పైన ఎనిమిదిళ్ళకీ ఒకటే ఖాళీ. “అందుకే వేసవిలో మీకు చల్లగా ఉంటుందండి. వేడిగాలి పైకి లేచి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళిపోతుంది,” అన్నారు. వేడిగాలితోపాటు ఇంకేం వెళుతుందో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

తరవాత వంటింట్లో గోడని వేలి కణుపుతో తట్టుకుంటూ వచ్చి ఒకచోట ఆగారు. గోడ అక్కడ డొల్లగా మోగింది.

“ఇక్కడ జంటగూడు ఉండాలి కదండీ? మిగతా ఇళ్ళలో చూశాను. రెండు వంటిళ్ళ మధ్య అటూ ఇటూ తెరిచున్న దీపపుగూడు. ఒక్క దీపం పెడితే రెండిళ్ళకి వెలుతురని కట్టించారట, మిల్లువాళ్ళు నూనె కలిసొస్తుందని. మీదొక్కటే మూసేశారేం?”

“ఎలకలండీ,” అన్నారు మా ఆయన.

“ఒక్క ఇటక మందమే పెట్టారు, అదీ మట్టితో. గట్టిగా రెండు దెబ్బలేస్తే ఊడొస్తుంది,” అన్నారామె తన పుస్తకంలో గుర్తు పెట్టుకుంటూ. “అవతలివైపు కూడా చూశాను. సరిగ్గా దాని ముందే మిక్సీ పెట్టుకున్నారు.”

మా ఆయన కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు.

కళ్ళజోడు గురించి చెప్పాలి. ఆయన నన్ను కొట్టబోయే ముందు ఎప్పుడూ కేకలు వెయ్యలేదు. కళ్ళజోడు తీసేవారు. కాళ్ళు మడిచి, డబ్బాలో పెట్టి, టక్‌మని మూసి, సావిడి కిటికీలో పెట్టేవారు. ఆ తరవాత నడిమిగదిలోకి రమ్మనేవారు. పదకొండేళ్ళ కిందట గుండెకి స్టెంట్ వేశారు, ఆవేశపడకూడదని డాక్టరు గారు చెప్పారు. అప్పట్నుంచి నా ఒంటి మీద చెయ్యి పడలేదు. అంటే నా క్షేమం ఒక మందుచీటీ మీద ఆధారపడి ఉంది. ఆయన ఉదయం బీపీ మాత్ర వేసుకున్నారో లేదో నేను రెండుసార్లు చూస్తాను. మొగుడంటే ఎంత ప్రేమో అని మా ఆడపడుచు మురిసిపోతుంది. ఇప్పటికీ ఆయన జోడు తుడుచుకోవడానికి తీసినా నా చూపు నడిమిగది వైపు పోతుంది. ఆ డబ్బా టక్‌మంటే చేస్తున్న పని ఆగిపోతుంది.

నేను కాపరానికి వచ్చేసరికి ఆ గూడు తెరిచే ఉంది. కరెంటొచ్చి దీపం మానేసినా, ఆడవాళ్ళు దాన్ని మానలేదు. అవతల ఆరో ఇంట్లో పాపాయమ్మ గారుండేవారు. నేను వచ్చిన రెండో రోజు గూట్లోంచి గాజుల చెయ్యి ఒకటి గిన్నెతో సహా వచ్చింది. “అమ్మాయ్, తోడుందా?” అని గొంతు. పాలల్లో వెయ్యడానికి పెరుగు చుక్క అడుగుతున్నారని తెలియడానికి నాకొక క్షణం పట్టింది. తోడుందా అని నన్ను అడిగినవాళ్ళు అంతకుముందు లేరు, ఆ తరవాతా లేరు. రోజూ ఆ గూట్లోంచి కూరగిన్నెలు, కరివేపాకు, పిల్లల మందులు, నవ్వులు అటూ ఇటూ నడిచేవి. మొహాలు సగం సగం కనిపించేవి.

మొదటిసారి దెబ్బలు తిన్న మర్నాడు పాపాయమ్మ గారు ఏమీ అడగలేదు. గూట్లోంచి ఒక చిన్న గిన్నె పెట్టారు. నువ్వులనూనెలో వేడి చేసిన పసుపు. మా అత్తగారు సంపూర్ణమ్మ గారు ఆ చేతిని చూశారు. వారం తిరక్కుండా తాపీమేస్త్రి వచ్చి గూడు మూసి వెళ్ళాడు. “వరసలో ఉన్నవాళ్ళం. పరువుగా బతకాలమ్మా,” అన్నారు అత్తగారు నాతో, చాలా మెత్తగా. ఆవిడ ఎప్పుడూ నా మీద చెయ్యెత్తలేదు. ఎత్తిందల్లా రోకలి.

కళ్ళజోడు డబ్బా టక్‌మన్న చప్పుడు వినగానే ఆవిడ లేచి, రోట్లో పసుపు కొమ్ములు పోసి దంచడం మొదలుపెట్టేవారు. ధన్, ధన్, ధన్. రోకలి చివర ఇనప పొన్ను. దూలాలు అదిరేవి. నడిమిగదిలోంచి వచ్చే ఏ చప్పుడైనా ఆ దెబ్బల కింద నలిగిపోయేది. మరకి పట్టిస్తే పసుపు రంగు పోతుందని ఆవిడ అందరికీ చెప్పేవారు. ఏడాదికి సరిపడా పసుపు ఒక్కసారే దంచుకుంటారు ఎవరైనా. మా ఇంట్లో శ్రావణంలో దంచేవారు, మాఘంలో దంచేవారు, అందరూ నిద్రపోయే వేసవి మధ్యాహ్నాల్లో దంచేవారు. అంతా అయ్యాక అదే పసుపు నూనెలో కలిపి, నా వీపుకి ఆవిడే రాసేవారు. “వాడికి కోపం ఎక్కువ, కానీ మనసు మంచిది,” అంటూ. చెయ్యి వెచ్చగా ఉండేది. ఆ వెచ్చదనానికి కృతజ్ఞతగా ఉండేదాన్నని ఇప్పుడు తల్చుకుంటే నాకు అన్నిటికంటే దానికే భయం వేస్తుంది.

మర్నాడు నూతి దగ్గరో అరుగు మీదో ఎవరో ఒకరు పలకరించేవారు. “నిన్న పసుపు దంచినట్టున్నారు కదమ్మాయ్?” “అవునండి,” అనేదాన్ని నేను. ఎవరికీ ఏమీ తెలియలేదని నిశ్చింత నాకు. అన్నేళ్ళూ ఎవరడిగినా అవునండి అనే చెప్పాను. అత్తగారు పోయి ఆరేళ్ళయింది. పాపాయమ్మ గారు తునిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయి, ఆరో ఇల్లు అద్దెకిచ్చారు. అద్దెకొచ్చినవాళ్ళే రత్నమాణిక్యం గారు, ఆవిడ కొడుకు సాయికిరణ్, కోడలు భవ్య.

సాయికిరణ్ రొయ్యల మేత కంపెనీలో పనిచేస్తాడు. తెల్లవారగానే చెరువుల మీదకి పోయి నాలుగింటికల్లా ఇంటికొచ్చేస్తాడు. ఎదురైతే “నమస్కారం మాస్టారూ” అని వంగి మరీ దణ్ణం పెడతాడు. ఈ రోజుల్లో ఇంత సంస్కారం ఎవరికుందని మా ఆయన మెచ్చుకుంటారు. భవ్యకి ఇరవై నాలుగు. దొడ్డి గోడ దగ్గర బట్టలారేస్తూ కనిపిస్తుంది. ఎండల్లో కూడా మోచేతుల కింది దాకా చేతులున్న జాకెట్లు.

రెండిళ్ళలోనూ అంట్లు తోమే బేబీ మూడు వారాల కిందట చీపురు మూల పెడుతూ మామూలుగా అంది: “పక్కింట్లో కూడా పసుపు దంచుతున్నారండి అమ్మగారూ.”

“మిక్సీ కదే, పసుపేంటి?” అన్నాను.

బేబీ నాలిక్కరుచుకుంది. “అంటే... మాయమ్మ అనేదండి. వరసలో అందరూ అలాగే అనేవోరంట కదండీ. ఎవరింట్లోనైనా ఆడమనిషిని కొడితే, ఆళ్ళింట్లో పసుపు దంచుతున్నారు అనేవోరంట. మీకు తెలుసనుకున్నానండి.”

ఆ ‘కూడా’ దగ్గరే నేను ఆగిపోయాను. పక్కింట్లో కూడా. ఎనిమిదిళ్ళకీ తెలుసు. నిన్న పసుపు దంచారా అని వాళ్ళు అడిగినప్పుడల్లా అడిగింది దీని గురించే. అవునండి అని నేను ఒప్పుకుంటూనే ఉన్నాను. నా వీపు మీది దెబ్బలకి ఈ వరసలో ఒక పేరుండేది, ఆ పేరు నాకు తప్ప అందరికీ తెలుసు. వాళ్ళు నాకొక వాకిలి తీసి నిలబడ్డారా, లేక తెలిసిందన్న సంతృప్తితో సరిపెట్టుకున్నారా? పాపాయమ్మ గారిని ఫోన్ చేసి అడుగుదామనుకున్నాను. అడగలేదు. అడిగితే, నువ్వేం చేస్తున్నావమ్మాయ్ అని తిరిగి అడుగుతారని భయం.

మర్నాడు దొడ్లో భవ్యని పలకరించాను. “నిన్న సాయంత్రం మిక్సీ చాలాసేపు తిరిగింది, ఏం పచ్చడమ్మా?”

“కొబ్బరి పచ్చడి ఆంటీ,” అంది, తల తిప్పకుండా. తీగ మీద తడి చీర బిగించి పట్టుకుంది. సరిగ్గా నా గొంతే. అవునండి అనే ఆ గొంతు.

కిందటి మంగళవారం మళ్ళీ మిక్సీ మొదలైనప్పుడు, ఏం చేస్తున్నానో తెలియకుండానే గిన్నెలో వంకాయ కూర వేసుకుని వాళ్ళ గుమ్మం ఎక్కాను. రత్నమాణిక్యం గారు ఓరగా తలుపు తీసి, తానే అడ్డం నిలబడ్డారు. “అయ్యో, మీకెందుకండీ శ్రమ,” అని నవ్వుతూ గిన్నె అందుకున్నారు. ఆవిడ రెండు చేతులూ నా ఎదురుగానే ఉన్నాయి. లోపల మిక్సీ తిరుగుతూనే ఉంది.

ఆ సాయంత్రం సాయికిరణ్ అరుగు మీదకొచ్చి మా ఆయనతో ఏదో మాట్లాడి వెళ్ళాడు. ఆయన లోపలికొచ్చి, కళ్ళజోడు తీసి, మడిచి, డబ్బాలో పెట్టి, టక్‌మని మూసి, కిటికీలో పెట్టారు. పదకొండేళ్ళ తరవాత. నేను నడిమిగది గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. ఆయన కొట్టలేదు. కుర్చీలో కూర్చున్నారు. “గోడ అవతలి విషయం గోడ అవతలే ఉంటుంది. ఇంకోసారి ఆ గుమ్మం ఎక్కావంటే, డాక్టరు మాట నేను వినను,” అన్నారు. “కాఫీ పెట్టు.” పెట్టాను. పంచదార తక్కువైందన్నారు. వేశాను.

ఇదీ నా భయం. యాభై రెండేళ్ళ మనిషిని. మనవరాలున్నదాన్ని. గోడ అవతల జరుగుతున్నది ఒక్కొక్కటీ నాకు తెలుసు. ఇప్పుడు మొదటి దెబ్బ, ఇప్పుడు జుట్టు, ఇప్పుడు కాలు. నేను ఈనెలు తీసిన కాయల్ని తరుగుతూ ఉంటాను. ఆ పిల్ల పోతే ఎలా అనుకుంటాను. వెంటనే, నా గతేమిటి అనుకుంటాను. రెండో ఆలోచన మొదటిదాన్ని ప్రతిసారీ ఓడిస్తుంది.

గోరుచిక్కుళ్ళ ముందు కూర్చున్న ఆ రోజు లెక్క రెండు వందల నలభైకి వచ్చినప్పుడు గోడ అదిరింది. మెత్తటిది, బరువైనది ఏదో నడిమిగది గోడకి తగిలింది. అటక మీంచి సున్నప్పొడి రాలి గోరుచిక్కుళ్ళ మీద పడింది. నా అలమరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. ఒకే దూలం రెండిళ్ళని మోస్తుందని రూతు గారు చెప్పింది ఇదే. ముప్పై ఏళ్ళ కిందట నా తల ఈ గోడకి తగిలినప్పుడల్లా పాపాయమ్మ గారి అలమరలో గ్లాసులు ఇలాగే మోగి ఉంటాయి.

నాకు మొదట అర్థమైంది అది. రెండోది, ఇంకా భయంకరమైనది. మిక్సీ తిరుగుతూనే ఉంది. దాని వెనక ఇక ఏ చప్పుడూ లేదు. ఏడుపు కూడా లేదు.

వీధి గుమ్మం వైపు చూశాను. అక్కడ మా ఆయన మోకాళ్ళు, పేపరు. ఫోన్ చార్జింగులో ఉంది, ఆయన పక్కనే. దొడ్డి గోడ నా తలకంటే ఎత్తు. నా కాళ్ళు వణుకుతున్నాయి, ఆ వణుకు ఆగాక లేద్దామని కూర్చున్నాను. అది ఆగేది కాదని తెలిసి లేచాను.

తలుపు మూల అత్తగారి రోకలి ఉంది. పారెయ్యడానికి ఎవరికీ మనసొప్పక అలా ఉండిపోయింది. అందుకున్నాను. అనుకున్నంత బరువు లేదు. రూతు గారు తట్టిన చోట వేలి కణుపుతో నేనూ తట్టాను. డొల్లగా మోగింది. రోకలిని అడ్డంగా పట్టి, పొన్నున్న వైపుతో పొడిచాను.

మొదటి దెబ్బకి సున్నం పెచ్చు ఊడింది. రెండో దెబ్బకి ఇటక కనిపించింది. ధన్, ధన్. అరుగు మీద పేపరు చప్పుడు ఆగింది. మూడో దెబ్బకి ఇటక ఊగింది. నాలుగో దెబ్బకి అవతలికి పడింది. దాని వెంటే మిక్సీ కింద పడిన చప్పుడు, జారు దొర్లిన చప్పుడు, రత్నమాణిక్యం గారి కేక. మిక్సీ ఆగిపోయింది.

ఆ కన్నానికి నోరు ఆనించి పిలిచాను. గొంతు నాది కాదనిపించింది.

“భవ్యా! అమ్మాయ్! తోడుందా?”

నేల మట్టం నుంచి, సన్నగా జవాబు వచ్చింది.

“లేదాంటీ.”

బతికే ఉంది. నేను రోకలిని మళ్ళీ పైకెత్తాను. ఇంకా మూడు ఇటకలున్నాయి, ఒక చెయ్యి పట్టాలంటే అవీ పోవాలి. వెనక సావిడిలో కళ్ళజోడు డబ్బా టక్‌మంది. ఈసారి చేతిలో పని ఆగలేదు. అడుగులు నడిమిగది దాటుతున్నాయి.

“ఏంటే ఆ చప్పుడు? ఏం చేస్తున్నావ్ లోపల?”

నేను వెనక్కి తిరగలేదు. గోడ ఆగిపోయి ఎనిమిదిళ్ళూ ఒకటయ్యే ఆ చీకటి వైపు తలెత్తి, ఈ చివర నుంచి ఆ చివరదాకా వినపడేలా, నా జీవితంలో మొదటిసారి గట్టిగా జవాబు చెప్పాను.

“పసుపు దంచుతున్నానండీ!”